అమిలాయిడ్ నుంచి సినాప్స్ దాకా: అల్జీమర్స్ వ్యాధి అవగాహన చరిత్ర

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• అల్జీమర్స్ వ్యాధి గురించిన అవగాహన 1906 నుంచి నేటివరకు ఏయే దశలు దాటి వచ్చిందో వివరించగలుగుతారు.
• అమిలాయిడ్ బీటా సినాప్సులనూ, వాటి మీద ఉండే గ్రాహకాలనూ ఎలా దెబ్బతీస్తుందో చెప్పగలుగుతారు.
• మెదడులోని ఫలకాలకూ జ్ఞాపకశక్తి నష్టానికీ ఉన్న సంబంధంపై జరిగిన వాదోపవాదాలను అంచనా వేయగలుగుతారు.
• ఒక శాస్త్ర పరికల్పనను సాక్ష్యాలు ఎలా బలపరుస్తాయో, ఎలా సవరిస్తాయో ఉదాహరణలతో చర్చించగలుగుతారు.

7.1 ఉపోద్ఘాతం

అల్జీమర్స్ వ్యాధి గురించి పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా ఒక వాక్యం కనిపిస్తుంది: మెదడులో అమిలాయిడ్ అనే ప్రోటీన్ ఫలకాలుగా పేరుకుని, నాడీకణాలు చనిపోవడం వల్ల జ్ఞాపకశక్తి పోతుంది. మీరు కూడా ఈ వాక్యాన్ని ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. దీనిని తప్పు అనలేం. అయితే నూరేళ్ళకు పైగా సాగిన ఒక పెద్ద చర్చను ఇది ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. ఫలకాలు నిండుగా ఉన్నా తెలివితేటలతో జీవించి వెళ్ళిపోయిన వృద్ధులున్నారు. మందుతో ఫలకాలు తొలగిపోయినా జ్ఞాపకశక్తి తిరిగిరాని రోగులున్నారు. పై వాక్యం సంపూర్ణ సత్యమైతే ఈ రెండూ జరగకూడదు.

ఈ చిక్కును విప్పే క్రమంలో పరిశోధకుల దృష్టి ఫలకం మీది నుంచి సినాప్స్ మీదికి మళ్ళింది. ఆ మళ్ళింపు ఎలా జరిగిందన్నదే ఈ పాఠంలోని ముఖ్య విషయం. ఇందులో పేర్లు, సంవత్సరాలు చాలా వస్తాయి. వాటిని కంఠస్థం చేయడం కన్నా, ప్రతి దశలోనూ "ఇది ఎలా తెలిసింది?" అని ప్రశ్నించుకుంటూ చదవండి.

7.2 ఫ్రాంక్‌ఫర్ట్ రోగి: 1901 నుంచి 1910 వరకు

1901 నవంబరులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగర మానసిక వైద్యశాలలో ఆగస్టె డీటర్ అనే 51 సంవత్సరాల మహిళను చేర్చారు. మతిమరుపు, భర్త మీద అకారణమైన అనుమానం, చెప్పదలచుకున్న మాట నోటికి రాకపోవడం ఆమె బాధలు. పేరు రాయమంటే మొదలుపెట్టి, మిగతాది ఏమిటో మరిచిపోయేది. ఆమెను పరీక్షించి వివరాలన్నీ ఓపికగా నమోదు చేసిన వైద్యుడు అలోయిస్ అల్జీమర్. తరువాత ఆయన మ్యూనిక్ వెళ్ళినా ఆ రోగిని మరువలేదు. 1906 ఏప్రిల్‌లో ఆమె మరణించాక మెదడును తెప్పించుకుని పరిశీలించాడు.

మాక్స్ బీల్‌షోవ్‌స్కీ రూపొందించిన వెండి రంజన పద్ధతి అప్పటికి అందుబాటులోకి వచ్చింది. దాని సాయంతో అల్జీమర్‌కు రెండు మార్పులు కనిపించాయి. ఒకటి, నాడీకణాల లోపల పీచుల్లాంటి ముడులు. రెండు, కణాల వెలుపల ఏదో పదార్థం పేరుకుని ఏర్పడిన ఫలకాలు. 1906 నవంబరు 3న ట్యూబింగెన్‌లో జరిగిన మానసిక వైద్యుల సమావేశంలో ఈ విషయాలు వెల్లడించాడు. 1910లో ఎమిల్ క్రెపెలిన్ తన పాఠ్యగ్రంథంలో దీనికి అల్జీమర్స్ వ్యాధి అని పేరు పెట్టాడు. ప్రాగ్ నగరంలో ఆస్కర్ ఫిషర్ కూడా 1907లోనే వృద్ధ రోగుల మెదళ్ళలో ఫలకాలను వివరించాడు. ఆయన పేరు మాత్రం చాలాకాలం మరుగున పడిపోయింది.

అదే 1906 డిసెంబరులో స్టాక్‌హోమ్‌లో కమిల్లో గాల్జీ, సాంటియాగో రమోన్ ఇ కహాల్ నోబెల్ బహుమతిని పంచుకున్నారు. మెదడంతా ఎడతెగని ఒకే వల అని గాల్జీ వాదం. నాడీకణాలు వేటికవే విడి కణాలని కహాల్ వాదం. కహాల్ వాదమే నిలిచింది. కణాలు విడివిడిగా ఉంటే సంకేతం ఒకదాని నుంచి మరొకదానికి ఎక్కడో ఒకచోట దాటాలి. ఆ చోటుకు చార్లెస్ షెరింగ్టన్ 1897లోనే సినాప్స్ అని పేరు పెట్టాడు. అంటే, ఫలకం కథా సినాప్స్ కథా దాదాపు ఒకే కాలంలో మొదలయ్యాయి. ఆ రెండు కథలూ కలవడానికి మాత్రం ఎనిమిది దశాబ్దాలకు పైగా పట్టింది. సాధారణ సూక్ష్మదర్శినిలో ఫలకం స్పష్టంగా కనిపిస్తుంది. సినాప్సు నిర్మాణం 1950లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించేదాకా కనిపించలేదు. కనిపించినదాని వెంటే పరిశోధన నడవడం సహజం.

7.3 అమిలాయిడ్ అంటే ఏమిటి?

అమిలాయిడ్ అనే మాటకు పిండిపదార్థం వంటిది అని అర్థం. 1854లో రుడాల్ఫ్ విర్కో అయోడిన్‌తో రంగు మారిన ఒక పదార్థాన్ని చూసి, అది పిండిపదార్థ జాతికి చెందినదనుకుని ఈ పేరు వాడాడు. అది నత్రజని గల ప్రోటీన్ అని 1859లో ఫ్రీడ్రైక్, కెకులే తేల్చారు. తప్పని తేలినా పేరు మాత్రం స్థిరపడిపోయింది.

1927లో బెల్జియంకు చెందిన పాల్ దివ్రీ వృద్ధుల మెదడులోని ఫలకాలకు కాంగో రెడ్ రంగు అద్ది, వాటిలో ఉన్నది అమిలాయిడేనని చూపించాడు. ఆ ప్రోటీన్ ఏదో తెలియడానికి మరో అర్ధ శతాబ్దం పైగా పట్టింది. 1984లో జార్జి గ్లెన్నర్, కైన్ వాంగ్ రోగుల మెదడు పొరల్లోని రక్తనాళాల నుంచి ఒక చిన్న ప్రోటీన్ ముక్కను వేరుచేశారు. దీనినే నేడు అమిలాయిడ్ బీటా అంటున్నాం. మరుసటి సంవత్సరం కాలిన్ మాస్టర్స్, కొన్రాడ్ బైరాయ్థర్ బృందం ఫలకాలలో ఉన్నది కూడా అదేనని చూపింది. ఇందులో సాధారణంగా 40 లేదా 42 ఎమైనో ఆమ్లాలుంటాయి. 42 ఉన్న రూపం త్వరగా గుమికూడుతుంది.

ఈ ముక్క ఒక పెద్ద ప్రోటీన్ నుంచి ఎంజైములు కత్తిరించగా వస్తుంది. ఆ పెద్ద ప్రోటీన్ జన్యువు 21వ క్రోమోజోమ్ మీద ఉందని 1987లో తెలిసింది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి ఈ క్రోమోజోమ్ మూడు ప్రతులుంటాయి. వారి మెదడులో నడివయసుకే ఫలకాలు ఎందుకు ఏర్పడతాయో దీనితో అర్థమయింది.

తరువాతి సాక్ష్యం ఒక కుటుంబం నుంచి వచ్చింది. తన కుటుంబంలో చాలామంది చిన్న వయసులోనే ఈ జబ్బు పాలవుతున్నారని ఇంగ్లండులో ఒక మహిళ పరిశోధకులకు ఉత్తరం రాసింది. ఆ కుటుంబ సభ్యుల రక్త నమూనాలను అధ్యయనం చేసి, ఎలిసన్ గోట్, జాన్ హార్డీ తదితరులు 1991లో అమిలాయిడ్ మాతృ ప్రోటీన్ జన్యువులో ఉత్పరివర్తనాన్ని గుర్తించారు. 1992లో హార్డీ, గెరాల్డ్ హిగ్గిన్స్ దీనినంతా ఒక సూత్రంగా కూర్చారు. అమిలాయిడ్ పేరుకోవడమే మొదటి మెట్టు. ముడులు, కణాల మరణం, డిమెన్షియా దాని వెనక వచ్చే మెట్లు అన్నారు. దీనికి అమిలాయిడ్ పరంపర పరికల్పన అని పేరు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
1. సినాప్స్ కన్నా ముందు ఫలకాల మీద పరిశోధన ఎందుకు సాగింది?
2. డౌన్ సిండ్రోమ్ అమిలాయిడ్ పరికల్పనను ఎలా బలపరుస్తుంది?

7.4 లెక్క కుదరని చోటు

పరికల్పన బలంగానే ఉంది. కానీ ఒక లెక్క కుదరలేదు. 1968లో న్యూకాసిల్‌కు చెందిన బ్లెస్డ్, టామ్లిన్‌సన్, రాత్ వృద్ధుల మెదళ్ళలో ఫలకాలను లెక్కించి, అవి ఎక్కువగా ఉన్నవారిలో మానసిక సామర్థ్యం తక్కువగా ఉందని చూపారు. ఇది గొప్ప అధ్యయనమే. అయితే తరువాత జరిగిన పరిశీలనల్లో దీనికి లొంగని మనుషులు కనిపించారు. 1988లో రాబర్ట్ కాట్జ్‌మన్ బృందం, జీవించి ఉండగా చురుకుగానే ఉండి, మరణించాక మెదడులో విస్తారంగా ఫలకాలు కనిపించిన వృద్ధులను వర్ణించింది.

అయితే జ్ఞాపకశక్తి నష్టంతో దేనికి దగ్గరి సంబంధం ఉంది? 1990లో స్టీవెన్ డికాస్కీ, స్టీఫెన్ షెఫ్ రోగులు జీవించి ఉండగా తీసిన మెదడు కణజాలంలో సినాప్సులను లెక్కపెట్టారు. సినాప్సులు తగ్గినకొద్దీ పరీక్షలో వచ్చే మార్కులూ తగ్గాయి. 1991లో రాబర్ట్ టెర్రీ బృందం కూడా ఇదే నిర్ధారణకు వచ్చింది. టెర్రీ 1960లలో ఫలకాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూపిన తొలి తరం శాస్త్రజ్ఞుడు. జీవితంలో సగం ఫలకాలను చూస్తూ గడిపిన మనిషే, మతిమరుపు తీవ్రతతో సరిపోలేది సినాప్సుల నష్టమని, ఫలకాల సంఖ్యతో ఉన్న సంబంధం బలహీనమని చెప్పడం విశేషం.

ఇప్పుడు ప్రశ్న మారింది. ఫలకం సినాప్సుకు దూరంగా ఉన్నా సినాప్సు పోతున్నప్పుడు, దానిని చెరుపుతున్నది ఏమిటి?

7.5 సినాప్సు ఎలా పనిచేస్తుంది?

జవాబు అర్థం కావాలంటే ఆరోగ్యంగా ఉన్న సినాప్సు గురించి కొంత తెలియాలి. సంకేతం రాగానే మొదటి కణం గ్లూటమేట్ అనే ప్రసారకాన్ని విడుదల చేస్తుంది. ఎదుటి కణం పొర మీద దానిని పట్టుకునే గ్రాహకాలుంటాయి. మన పాఠానికి కావలసినవి రెండు రకాలు. ఎఎంపిఎ గ్రాహకం గ్లూటమేట్ తగలగానే తెరుచుకుంటుంది. సోడియం లోపలికి వస్తుంది. ఎన్‌ఎండిఎ గ్రాహకం అలా తెరుచుకోదు. దాని ద్వారంలో మెగ్నీషియం అయాన్ బిరడాలా అడ్డు ఉంటుంది. ఎదుటి కణం అప్పటికే తగినంత ఉత్తేజం పొంది ఉంటేనే ఆ బిరడా తొలగి, కాల్షియం లోపలికి ప్రవేశిస్తుంది.

ఇక్కడ కాల్షియం పరిమాణమే కీలకం. ఒక్కసారిగా ఎక్కువ కాల్షియం వస్తే, కణం మరిన్ని ఎఎంపిఎ గ్రాహకాలను సినాప్సుకు చేరుస్తుంది, సినాప్సు బలపడుతుంది. దీనిని దీర్ఘకాలిక బలోపేతం అంటారు. 1973లో టిమ్ బ్లిస్, టెర్యే లోమో కుందేళ్ళ హిప్పోక్యాంపస్‌లో దీనిని సవివరంగా వర్ణించారు. కొద్దికొద్దిగా ఎక్కువసేపు కాల్షియం వస్తే దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది: కాల్సిన్యూరిన్ వంటి ఎంజైములు పనిలోకి దిగి, ఎఎంపిఎ గ్రాహకాలు పొర మీది నుంచి లోపలికి వెళ్ళిపోతాయి, సినాప్సు బలహీనపడుతుంది. నేర్చుకోవడానికి ఈ రెండూ అవసరమే. రెండింటి మధ్య తూకం చెడినప్పుడే ప్రమాదం.

7.6 కరిగి ఉన్న అమిలాయిడ్

1998లో విలియం క్లైన్, మేరీ లాంబర్ట్ తదితరులు ఒక కొత్త విషయం చెప్పారు. అమిలాయిడ్ బీటా అణువులు ఫలకంగా గడ్డకట్టకముందే, కొద్ది సంఖ్యలో జతకూడి, ద్రవంలో కరిగి ఉండే చిన్న గుంపులుగా తిరుగుతాయి. వీటిని ఒలిగోమర్లు అంటారు. ఇవి దీర్ఘకాలిక బలోపేతాన్ని ఆపేస్తున్నాయి. 2002లో డొమినిక్ వాల్ష్, డెన్నిస్ సెల్కో బృందం, కణాలు సహజంగా స్రవించిన ఒలిగోమర్లను ఎలుకల మెదడులోకి ఎక్కించి ఇదే ఫలితం చూపింది. 2008లో గణేశ్ శంకర్ తదితరులు అల్జీమర్స్ రోగుల మెదడు నుంచే వీటిని తీసి పరీక్షించారు. అవి బలోపేతాన్ని అడ్డుకున్నాయి. బలహీనపరచే ప్రక్రియను పెంచాయి. సినాప్సులను మోసే డెండ్రైటు ముళ్ళ సంఖ్యను తగ్గించాయి. అదే మెదడు నుంచి తీసిన కరగని ఫలక పదార్థం, యథాతథంగా ఉన్నంతకాలం, బలోపేతానికి అంత హాని చేయలేదు.

ఈ హాని గ్రాహకాల స్థాయిలో ఎలా జరుగుతుందన్నదానికి ఒక్కటే జవాబు లేదు. ముఖ్యమైన నాలుగు మార్గాలను గమనించండి.

మొదటిది, గ్రాహకాల ఉపసంహరణ. అమిలాయిడ్ బీటా ప్రభావంతో ఎన్‌ఎండిఎ గ్రాహకాలు పొర మీది నుంచి కణం లోపలికి వెళ్ళిపోతాయని 2005లో పాల్ గ్రీన్‌గార్డ్ ప్రయోగశాల చూపింది. ఎఎంపిఎ గ్రాహకాలు కూడా అలాగే తొలగిపోతాయని 2006లో రాబర్టో మలినోవ్ బృందం చూపింది.

రెండవది, గ్లూటమేట్ పొంగిపొరలడం. విడుదలైన గ్లూటమేట్‌ను పక్క కణాలు వెంటనే పీల్చివేయాలి. ఒలిగోమర్లు ఈ శుభ్రతకు ఆటంకం కలిగిస్తాయి. అప్పుడు గ్లూటమేట్ సినాప్సు గట్టు దాటి, బయట ఉన్న ఎన్‌ఎండిఎ గ్రాహకాలను తాకుతుంది. సినాప్సులోని గ్రాహకాలు కణానికి మేలు చేస్తే, బయటి గ్రాహకాల ఉత్తేజం హాని సంకేతాలకు దారితీస్తుంది. ఎన్‌ఎండిఎ గ్రాహకాల అతి ఉత్తేజాన్ని తగ్గించే మెమాంటిన్ అనే మందు 2002లో ఐరోపాలో, 2003లో అమెరికాలో అనుమతి పొందింది. ఇది లక్షణాలను కొంత తగ్గిస్తుందే తప్ప వ్యాధిని ఆపదు.

మూడవది, వేరే ప్రోటీన్ల మధ్యవర్తిత్వం. ఒలిగోమర్లు కణపొర మీది ప్రియాన్ ప్రోటీనుకు అంటుకుంటాయని 2009లో స్టీఫెన్ స్ట్రిట్‌మాటర్ బృందం ప్రకటించింది. అక్కడి నుంచి ఒక రకం గ్లూటమేట్ గ్రాహకం ద్వారా, ఫిన్ అనే ఎంజైము ద్వారా హాని లోపలికి చేరుతుందని తరువాత చూపింది. వేరే ప్రయోగశాలల్లో కొన్నింటికి ప్రియాన్ ప్రోటీన్ పాత్ర విషయంలో ఈ ఫలితం రాలేదు. ఈ అంశం ఇంకా చర్చలోనే ఉంది.

నాలుగవది, సినాప్సులను తినివేయడం. మెదడులో మైక్రోగ్లియా అనే రక్షక కణాలుంటాయి. పెరిగే వయసులో అక్కరలేని సినాప్సులను ఏరివేయడం వీటి పనుల్లో ఒకటి. వ్యాధి నమూనా ఎలుకల్లో, ఫలకాలు ఏర్పడకముందే, ఇవే కణాలు అవసరమైన సినాప్సులను కూడా తొలగిస్తున్నాయని 2016లో బెత్ స్టీవెన్స్ బృందం చూపింది.

అయితే ఫలకం నిర్దోషి అనుకోకూడదు. 2009లో ఎలుకల మెదళ్ళను పరిశీలించినప్పుడు, ప్రతి ఫలకం చుట్టూ ఒలిగోమర్ల వలయం, ఆ వలయంలో సినాప్సుల నష్టం కనిపించాయి. మనం నివురుగప్పిన నిప్పు అంటాం కదా, ఫలకాన్ని అలా ఊహించుకోవచ్చు. పైకి కనిపించే బూడిద చల్లగానే ఉండవచ్చు. చుట్టుపక్కల వాటిని కాల్చేది దానితోపాటు ఉన్న నిప్పు.

మరొక విషయం కూడా గుర్తుంచుకోవాలి. అమిలాయిడ్ బీటా పుట్టుకతోనే విషం కాదు. ఆరోగ్యవంతుల మెదడులోనూ ఇది తయారవుతుంది. నాడీకణం చురుకుదనం పెరిగితే దీని ఉత్పత్తి పెరుగుతుందని, అది తిరిగి సినాప్సు వేగాన్ని తగ్గిస్తుందని 2003లో మలినోవ్ బృందం చూపింది. అంటే ఇది ఒక పగ్గం లాంటిది కావచ్చు. పగ్గం బిగుసుకుపోవడమే వ్యాధి అవుతుంది. ఈ హానిలో ముడులకు మూలమైన టౌ ప్రోటీన్‌కు కూడా పాత్ర ఉంది. టౌను తగ్గించిన ఎలుకల్లో అమిలాయిడ్ ఉన్నా జ్ఞాపకశక్తి చాలావరకు నిలిచిందని 2007లో వెల్లడయింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2
1. ఎన్‌ఎండిఎ గ్రాహకం ద్వారా వచ్చే కాల్షియం పరిమాణాన్ని బట్టి సినాప్సులో వచ్చే మార్పులేమిటి?
2. కరిగి ఉన్న అమిలాయిడ్‌కూ ఫలకానికీ తేడా ఏమిటి?

7.7 ఒకే భారం, వేర్వేరు ఫలితాలు

2004 నుంచి పెట్ స్కాన్ ద్వారా జీవించి ఉన్నవారి మెదడులోనే అమిలాయిడ్‌ను చూడగలుగుతున్నాం. ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల్లో కూడా చాలామందికి అది కనిపించింది. ఒకే రకమైన భారాన్ని ఒక మెదడు మోయగలుగుతోంది, మరొకటి మోయలేకపోతోంది. దీనిని వివరించడానికి జ్ఞాన నిల్వ అనే భావన వచ్చింది. చదువు, వృత్తి, సామాజిక జీవనం వల్ల మెదడుకు అదనపు దారులు ఏర్పడతాయని దీని సారాంశం.

ఈ చర్చకు హైదరాబాదు నుంచి కూడా ఒక ముఖ్యమైన చేర్పు ఉంది. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒకే భాష వచ్చినవారికన్నా, రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు సగటున 4.5 సంవత్సరాలు ఆలస్యంగా మొదలయ్యాయి. అక్షరాస్యత లేనివారిలో కూడా ఈ తేడా కనిపించడం వల్ల, ఇది కేవలం చదువు ప్రభావం అని కొట్టివేయలేం. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడే హైదరాబాదు జీవితం ఇలాంటి అధ్యయనానికి అనువైన నేల. అయితే ఇది అమిలాయిడ్‌ను కొలిచిన అధ్యయనం కాదు. రెండు విషయాల మధ్య సంబంధాన్ని చూపింది, కారణాన్ని నిరూపించలేదు. ఈ తేడాను మీరు జవాబుల్లో తప్పక పాటించాలి.

7.8 చికిత్స పెట్టిన పరీక్ష

ఏ పరికల్పనకైనా గట్టి పరీక్ష చికిత్సే. అమిలాయిడ్‌కు వ్యతిరేకంగా ఇచ్చిన తొలి టీకా ప్రయోగాన్ని 2002లో ఆపివేయవలసి వచ్చింది. టీకా తీసుకున్న 300 మందిలో 18 మందికి మెదడువాపు రావడమే కారణం. ఆ ప్రయోగంలో పాల్గొని తరువాత మరణించినవారిని పరీక్షించగా, కొందరి మెదడులో ఫలకాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అయినా వారు తీవ్రమైన డిమెన్షియాతోనే మరణించారని 2008లో ప్రకటించారు. సినాప్సులు పోయాక ఫలకాన్ని తీసినా ప్రయోజనం తక్కువన్న అనుమానం దీనితో బలపడింది.

ఆపై అనేక ప్రతిరక్షక మందులు విఫలమయ్యాయి. గుమికూడుతున్న, ఇంకా కరిగి ఉన్న అమిలాయిడ్‌ను లక్ష్యంగా చేసుకున్న లెకానెమాబ్ 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందింది. వ్యాధి తొలిదశలో ఉన్న 1,795 మందిపై 18 నెలలు జరిపిన పరీక్షలో, క్షీణత వేగం 27 శాతం తగ్గింది. వినడానికి ఇది పెద్ద సంఖ్య. 18 పాయింట్ల కొలబద్ద మీద చూస్తే రెండు బృందాల మధ్య తేడా 0.45 పాయింటు. మందు తీసుకున్నవారిలో 12.6 శాతం మందికి మెదడులో వాపు కనిపించింది. కాబట్టి అమిలాయిడ్‌కు వ్యాధిలో పాత్ర ఉందన్నదానికి ఇది సాక్ష్యమే. ఆ పాత్ర ఒక్కటే సర్వస్వం కాదన్నదానికి కూడా ఇదే సాక్ష్యం. ఒక కుటుంబం ఈ మందు గురించి అడిగినప్పుడు రెండు అంకెలూ వారి ముందుంచడం న్యాయం.

7.9 సాక్ష్యాన్ని పరీక్షించడం

ఒలిగోమర్ల చరిత్రలో చేదు అధ్యాయం ఒకటుంది. ఒక ప్రత్యేక ఒలిగోమర్ ఎలుకల్లో మతిమరుపు కలిగిస్తుందని 2006లో నేచర్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. దానిలోని చిత్రాలను మార్చారన్న అనుమానాలు 2022లో బహిరంగమయ్యాయి. 2024లో ఆ వ్యాసాన్ని ఉపసంహరించారు. దీనితో ఒలిగోమర్ల సిద్ధాంతమంతా కూలిపోయిందని కొన్ని వార్తలు వచ్చాయి. అది సరికాదు. మీరు 7.6లో చదివిన ఫలితాలు వేర్వేరు ప్రయోగశాలల నుంచి, వేర్వేరు పద్ధతులతో వచ్చినవి. ఒక స్తంభం పుచ్చిందని తేలితే మిగతా స్తంభాలను కూడా తట్టి చూడాలి. చూడకుండానే ఇల్లు కూలిందనడమూ, ఏమీ కాలేదనడమూ రెండూ శాస్త్రీయం కావు.

7.10 సారాంశం

అల్జీమర్ 1906లో చూసిన ఫలకం వ్యాధికి గుర్తు. గ్లెన్నర్, హార్డీ వంటివారు అది వ్యాధికి మూలం కూడా కావచ్చని చూపారు. టెర్రీ, డికాస్కీ, షెఫ్ జ్ఞాపకం చెడేది సినాప్సు దగ్గరని గుర్తుచేశారు. ఆ రెండింటినీ కలిపినవి కరిగి ఉండే ఒలిగోమర్లు. అవి గ్రాహకాలను తొలగించి, గ్లూటమేట్ తూకం చెడగొట్టి, సినాప్సును బలహీనపరుస్తాయి. సినాప్సు బలహీనపడటం కణం చనిపోవడం కన్నా చాలా ముందు జరుగుతుంది. చికిత్సకు అవకాశం ఉన్నది ఆ మధ్య కాలంలోనే. పెద్దవారిలో మొదలయ్యే మతిమరుపును వయసు మీద పడిందిలే అని వదిలివేయకుండా, తొందరగా వైద్యునికి చూపించవలసిన అవసరం ఇందువల్లనే.

7.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అమిలాయిడ్ పరంపర పరికల్పన రూపొందిన క్రమాన్ని వివరించి, దాని పరిమితులను చర్చించండి.
2. అమిలాయిడ్ బీటా ఒలిగోమర్లు సినాప్సులోని గ్రాహకాలపై చూపే ప్రభావాన్ని వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సినాప్సుల నష్టంపై 1990, 1991 అధ్యయనాల ప్రాధాన్యం ఏమిటి?
2. హైదరాబాదు ద్విభాషా అధ్యయనం ఏమి చూపింది? ఏమి చూపలేదు?
3. లెకానెమాబ్ పరీక్ష ఫలితాలను ఎలా అర్థం చేసుకోవాలి?